ప్రజాప్రతినిధి ‘సొంత’ ఖాతా – మనం ప్రశ్నించే హక్కు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మహిళా కార్యకర్తలు వాడపల్లిలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణలో మూసీ కలిసే చోట మనం కూర్చున్నాం. వంతెన దాటితే పల్నాడు. హైదరాబాదు నగరం వదిలిన మురికి ఎన్ని ఊళ్ళు దాటి ఇక్కడికి వస్తుందో నాకంటే మీకు బాగా తెలుసు. నీళ్ళ గురించీ, భూముల గురించీ, ఇంట్లో జరిగే హింస గురించీ మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం కొందరికి చిన్నదిగా కనపడవచ్చు. మనం ఎన్నుకున్న నాయకులు తమ ఫేస్‌బుక్ నుంచీ, ట్విట్టర్ నుంచీ, వాట్సాప్ గ్రూపుల నుంచీ మనుషుల్ని బ్లాక్ చెయ్యటం, తీసెయ్యటం – ఇదీ విషయం. “ఫోను గొడవలకు కూడా మీటింగు పెట్టాలా?” అని వచ్చేటప్పుడు బస్సులో ఒకామె అడిగింది. ఆమెకు చెప్పిన సంగతే మీకూ ముందుగా చెబుతాను.

మేము పనిచేసే ఊళ్ళలో ఒక ఊరు. ఊరి పేరుగానీ, నాయకుడి పేరుగానీ, పార్టీ పేరుగానీ చెప్పను. పార్టీ ఏదైనా కథ ఇదే కాబట్టి చెప్పనవసరం కూడా లేదు. అక్కడ పొదుపు సంఘంలో ఒక చెల్లె ఉంది. భర్త చనిపోయాడు. ఇద్దరు పిల్లలు. కూలికి పోతుంది. వాళ్ళ వాడకు పన్నెండు రోజులు నల్లా నీళ్ళు రాలేదు. ఆ ఊరి ప్రజాప్రతినిధికి ఒక ఫేస్‌బుక్ పేజీ, ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నాయి. శంకుస్థాపనల ఫొటోలు, పుట్టినరోజు కేకులు, మనవడి నామకరణం అన్నీ అందులోనే వస్తాయి. ఎల్లుండి వైద్య శిబిరం ఉందనీ, పింఛను కాగితాలు ఫలానా రోజున పట్టుకురమ్మనీ, కరెంటు పోతుందనీ చెప్పేదీ అందులోనే. ఈ చెల్లె ఖాళీ బిందెల ఫొటో తీసి, ఒక నాయకుడి సన్మానం ఫొటో కింద పెట్టింది. “సారూ, మా వాడకు నీళ్ళు ఎప్పుడొస్తయి?” అని రాసింది. తిట్టలేదు. కించపరచలేదు.

సాయంత్రానికి ఆ మాట పోయింది. రాత్రికి ఆమెను పేజీ నుంచి బ్లాక్ చేశారు. పొద్దునకు వాట్సాప్ గ్రూపులో కూడా లేదు. మరునాడు ఆమె మరిదికి ఫోను వచ్చింది: “మీ వదినెను జర అదుపుల పెట్టుకోండ్రి.” చూడండి, ప్రశ్న అడిగింది ఒకరు, జవాబు అందింది ఇంకొకరికి. ఆడమనిషి అడిగితే ఆమెతో మాట్లాడరు. ఆమె మీద అధికారం ఉందనుకునే మగవాడితో మాట్లాడతారు.

కథ అక్కడితో ఆగలేదు. కొన్ని వారాల తర్వాత పింఛన్ల పరిశీలనకు రమ్మన్న కబురు ఆ గ్రూపులోనే వచ్చింది. ఈమెకు తెలియలేదు. తెలిసేసరికి గడువు దాటింది. ఆగిపోయిన పింఛను మళ్ళీ రావటానికి మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ రోజులన్నిటికీ కూలి పోయింది. నేను ఆమెతో పాటు వెళ్ళి ఆ ప్రజాప్రతినిధిని కలిశాను. ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒకే మాట అన్నాడు: “అమ్మా, అది నా సొంత ఫోను. నా సొంత పేజీ. మీ ఇంట్లోకి ఎవర్ని రానియ్యాలో మీరే కదా నిర్ణయించుకునేది? నాకూ అంతే.”

ఈ మాటకు జవాబు వెతకటానికే ఇవాళ నిలబడ్డాను. ఎందుకంటే పైకి చూస్తే ఆ మాట న్యాయంగానే ఉంది. మన ఫోన్లలో మనల్ని వేధించేవాళ్ళను మనం బ్లాక్ చెయ్యటం లేదా? చేస్తున్నాం. చెయ్యాలి కూడా. మరి ఆయన చేస్తే తప్పేమిటి?

నల్లగొండ జిల్లా ఆడవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గడి ఎవరిది? దొర సొంత ఇల్లు. గోడ దొరది, తలుపు దొరది. కానీ ఊరి పంచాయితీ ఎక్కడ జరిగేది? ఆ గడిలోనే. జుర్మానా వేసింది అక్కడే. వెట్టికి ఎవరు రావాలో తేల్చింది అక్కడే. కొలిచిన ధాన్యం చేరింది అక్కడికే. ఊరి మీద అధికారం మొత్తం ఒకరి సొంత ఇంట్లో నుంచి నడిచింది. అడగబోతే “ఇది నా ఇల్లు” అనేవాడు. శాసించబోతే “ఇది సర్కారు” అనేవాడు. ఏ మాట ఎప్పుడు అవసరమైతే అది వాడుకునేవాడు. ఆ రెండు నాలుకల అధికారం మీదే ఈ జిల్లా తిరగబడింది. నాటి జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పంటను దొర గడికి పోనియ్యకపోవటం కూడా ఆ తిరుగుబాటులో భాగమే.

ఇవాళ్టి నాయకుడి ఫేస్‌బుక్ పేజీని నేను గడితో సమానం అనటం లేదు. అక్కడ ప్రాణాలు పోయాయి. కానీ సొంతం అనే మాటను ప్రజల పనికి అడ్డుగోడగా వాడుకునే పద్ధతి మాత్రం అదే. స్త్రీల ఉద్యమం ‘వ్యక్తిగతమైనది కూడా రాజకీయమే’ అని చెబుతూ వచ్చింది. నాలుగు గోడల మధ్య జరిగే హింస సొంత విషయం కాదని చెప్పటానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో మీకు తెలుసు. ఇప్పుడు నాయకులు దీన్ని తిరగేసి, రాజకీయమంతా తమ వ్యక్తిగతం అంటున్నారు.

మనకు బాగా తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాం. 2014లో తెలంగాణ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు ప్రతిపక్ష నాయకురాలిగా మద్దతు ఇచ్చిన సుష్మా స్వరాజ్‌ను ఇక్కడ చాలామంది చిన్నమ్మ అని పిలుచుకున్నారు. అదే సంవత్సరం ఆమె విదేశాంగ మంత్రి అయ్యారు. తన సొంత పేరుతో ఉన్న ట్విట్టర్ ఖాతాలోనే, పరాయి దేశాల్లో చిక్కుకుపోయిన వాళ్ళ మొర వినేవారు. పాస్‌పోర్టు లాక్కున్నారనీ, జీతం ఇవ్వటం లేదనీ, శవాన్ని తెప్పించమనీ మనుషులు అందులోనే రాసుకునేవారు. ఆమె రాయబార కార్యాలయాలకు ఆదేశాలు కూడా అందులో నుంచే ఇచ్చేవారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన తెలుగు కుటుంబాలకు అది ఎంత ఆసరాయో వేరే చెప్పనక్కర్లేదు. అది మంచి పని, ఒప్పుకోవాలి.

కానీ అదే ఖాతా గురించి ఇంకో సంగతి ఉంది. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో 39 మంది భారతీయులు కనపడకుండా పోయారు. వాళ్ళ గురించి గట్టిగా ప్రశ్నించినందుకు మంత్రి తనను బ్లాక్ చేశారని కాంగ్రెస్ పార్లమెంటు సభ్యుడు ప్రతాప్ సింగ్ బాజ్వా బహిరంగంగా చెప్పారు. ఆ 39 మందీ చనిపోయారని 2018 మార్చిలో ఆమే రాజ్యసభలో ప్రకటించారు. ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. మొర పెట్టుకునేవాళ్ళకు అది మంత్రిత్వ శాఖ కిటికీ అయినప్పుడు, ప్రశ్న అడిగేవాళ్ళకు అది సొంత ఇంటి తలుపు ఎట్లా అవుతుంది? దణ్ణం పెట్టేవాళ్ళకు తెరిచి ఉండి, నిలదీసేవాళ్ళకు మూసుకుంటే దాన్ని హక్కు అనరు, దయ అంటారు. మనం దయ అడగటం లేదు.

మన రాష్ట్రంలోనూ ఇది అలవాటయింది. 2014, 2023 మధ్య మంత్రిగా ఉన్న కాలాల్లో కె.టి. రామారావు ట్విట్టర్‌లో వచ్చిన విన్నపాలకు జవాబులివ్వటం అందరూ చూశారు. ఆస్పత్రి ఖర్చుల దగ్గర నుంచి రోడ్డు గుంతల దాకా అర్జీలు అందులోకే వెళ్ళేవి. ఆ దారి ఇప్పుడు ఊరి స్థాయికి వచ్చేసింది. కార్యాలయం చెయ్యవలసిన పనిని ఖాతా చేస్తోంది. అట్లా చేస్తున్నప్పుడు కార్యాలయానికి ఉండే బాధ్యతలు కూడా దానికి రావాలి.

బ్లాక్ చెయ్యటంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని గమనించాలి. ధర్నాలో పోలీసులు మనల్ని ఎత్తి వ్యానులో వేస్తే పదిమంది చూస్తారు. గ్రామసభలో నోరు మూయించినా ఊరు చూస్తుంది. బ్లాక్ చేస్తే చప్పుడు ఉండదు. పక్కింటావిడకు కూడా తెలియదు. పేజీ తెరిస్తే అన్నీ దండలు, దణ్ణాలు, ‘అన్నా నువ్వు సూపర్’లే కనపడతాయి. పక్క వాడలో నీళ్ళు రాని మనిషి తన ఒక్క ఇంటికే రావటం లేదేమో అనుకుంటుంది. అంటే మాట్లాడిన మనిషి హక్కు ఒక్కటే పోవటం లేదు. వినవలసిన వాళ్ళ హక్కు కూడా పోతోంది. ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్ అయింది. 2024 నవంబరు నుంచి అందులో బ్లాక్ అయినవాళ్ళు కూడా బహిరంగంగా పెట్టినవి చదవగలుగుతున్నారు, జవాబు మాత్రం రాయలేరు. విను, మాట్లాడకు – ఆడవాళ్ళకు ఇది బాగా అలవాటైన ఆజ్ఞే కదా!

ఈ తగాదా మీద కోర్టులు ఎక్కువగా ఆలోచించింది అమెరికాలో. అక్కడి రాజ్యాంగం వేరు, మన రాజ్యాంగం వేరు. కానీ వాళ్ళు వేసుకున్న ప్రశ్నలు మనకు పనికొస్తాయి. వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీ పాలకమండలి అధ్యక్షురాలు ఫిలిస్ రాండాల్ అనే నల్లజాతి మహిళ. 2016లో తన ఫేస్‌బుక్ పేజీలో విమర్శ రాసిన ఒక పౌరుణ్ణి ఆమె బ్లాక్ చేశారు. పన్నెండు గంటల్లోనే తీసేశారు. అయినా అది అతని వాక్ స్వాతంత్ర్యాన్ని ఉల్లంఘించటమేనని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2017లో తనను విమర్శించినవాళ్ళను ట్విట్టర్‌లో బ్లాక్ చేశాడు. ఏడుగురు కోర్టుకు వెళ్ళి 2018లోనూ, అప్పీలులో 2019లోనూ గెలిచారు. ఆయన పదవి దిగిపోయాక, ఇక తేల్చవలసింది లేదంటూ 2021లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది.

చివరికి 2024 మార్చి 15న అమెరికా సుప్రీంకోర్టు మిచిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్ అనే ఊరి కేసులో ఒక కొలత ఇచ్చింది. ఆ ఊరి మేనేజరు – ఎన్నికైన మనిషి కాదు, నియమించబడిన అధికారి – ఒకే పేజీలో కూతురి ఫొటోలూ పెట్టేవాడు, కరోనా కాలపు ఊరి సమాచారమూ పెట్టేవాడు. విమర్శించిన ఒకాయన్ని బ్లాక్ చేశాడు. తొమ్మిది మంది న్యాయమూర్తులూ కలిసి రెండు ప్రశ్నలు వెయ్యాలన్నారు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ మనిషికి నిజంగా ఉందా? ఆ ఫలానా పోస్టులో ఆ అధికారాన్ని వాడుతున్నట్టు కనపడుతున్నాడా? రెండూ అవునంటే అది సర్కారు పని, పౌరుణ్ణి గెంటెయ్యటానికి వీల్లేదు. కాదంటే అది సొంత మాట. ఇంకో మంచి మాట కూడా అన్నారు. ఒక్క మాటను చెరిపెయ్యటం వేరు, మనిషిని మొత్తం పేజీ నుంచే మూసెయ్యటం వేరు. మూసేస్తే ప్రభుత్వ సమాచారం ఉన్న పోస్టుల నుంచి కూడా మూసేసినట్టే. సొంతమూ సర్కారూ కలగలిపి ఒకే పేజీలో నడిపేవాడే ఆ ప్రమాదం నెత్తికెత్తుకోవాలి.

ఈ కొలత మన చెల్లె విషయంలో పెట్టి చూడండి. మనవడి నామకరణం ఫొటో సొంతం. దాని కింద ఎవరు రాయాలో ఆయన ఇష్టం. పింఛను కాగితాలు తెమ్మనటం సొంతం కాదు. వైద్య శిబిరం సొంతం కాదు. అంటే ఆమెను గెంటేసినప్పుడు ఒక నాయకుడి ఇంట్లో నుంచి గెంటెయ్యలేదు, నోటీసు బోర్డు ముందు నుంచి గెంటేశారు.

మన దేశంలో సుప్రీంకోర్టు ఈ బ్లాక్ ప్రశ్నను నేరుగా తేల్చలేదు. కానీ చేతిలో ఏమీ లేదని అనుకోకూడదు. రాజ్యాంగం 19వ అధికరణం వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని ఇచ్చింది. ప్రభుత్వ సమాచారాన్ని నచ్చినవాళ్ళకు చెప్పి, నచ్చనివాళ్ళకు దాచటం సమానత్వం కాదు. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటం కూడా 19వ అధికరణం కిందికే వస్తుందని 2020 జనవరిలో కాశ్మీరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌశల్ కిశోర్ కేసులో 2023 జనవరి 3న రాజ్యాంగ ధర్మాసనం మంత్రుల మాటల గురించి ఆలోచించింది. మంత్రి మాటను ప్రభుత్వానికి అంటగట్టలేమని ఎక్కువమంది అన్నారు. జస్టిస్ నాగరత్న మాత్రం విడిగా రాస్తూ, మంత్రి తన సొంత అభిప్రాయం చెప్పటం వేరు, అధికార హోదాలో ప్రభుత్వ వైఖరిగా చెప్పటం వేరు అని విడదీశారు. మన వాదనకు కావలసింది ఆ గీతే.

బ్లాక్ చెయ్యటం మొదటి మెట్టు మాత్రమేనని కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండో మెట్టు పోలీసు స్టేషను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ మాటకు ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశారు. ఆ అరెస్టులు చూసి శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని కోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐ.టి. చట్టంలోని 66-ఎ సెక్షన్‌ను కొట్టేసింది. సెక్షన్ పోయింది, అలవాటు పోలేదు. 2020 మే 7న విశాఖలో ఎల్.జి. పాలిమర్స్ గ్యాసు లీకయి 12 మంది చనిపోయాక, దాని మీద అనుమానాలు రాసినందుకు గుంటూరులో 60 ఏళ్ళు దాటిన ఒక మహిళ మీద సి.ఐ.డి. కేసు పెట్టింది. 2025 మార్చిలో హైదరాబాదులో, ముఖ్యమంత్రిని ఒక మనిషి తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టుల్ని అరెస్టు చేశారు. రెండు రాష్ట్రాలు, వేరు వేరు పార్టీలు, ఒకటే పద్ధతి. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, రాజకీయ విమర్శ కటువుగా ఉన్నంత మాత్రాన పోలీసులు యాంత్రికంగా కేసులు కట్టకూడదని చెప్పి, ముందు ప్రాథమిక విచారణ చెయ్యాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సంగతి మీ ఊళ్ళలో అందరికీ చెప్పండి.

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తున్నాను. ఈ గదిలో సర్పంచులుగా, వార్డు సభ్యులుగా పనిచేసిన అక్కలు కూడా ఉన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఆడవాళ్ళకు సగం స్థానాలు ఉన్నాయి. 2025 డిసెంబరు ఎన్నికల్లో ఎందరో స్త్రీలు మొదటిసారి గెలిచారు. వాళ్ళలో ఒకామె నన్ను పక్కకు పిలిచి ఫోను చూపించింది. రాత్రి పదకొండు దాటాక వచ్చిన మాటలు. ఒంటి మీద, కట్టుకున్న చీర మీద, కులం మీద రాతలు. “అక్కా, వీళ్ళను కూడ బ్లాక్ చెయ్యొద్దా?” అని అడిగింది.

చెయ్యాలి చెల్లీ, తప్పకుండా చెయ్యాలి. అవసరమైతే కేసు కూడా పెట్టాలి. 2019 ఎన్నికల సమయంలో 95 మంది భారతీయ మహిళా రాజకీయ నాయకుల పేర్లు వచ్చిన ట్వీట్లను ఆమ్నెస్టీ సంస్థ పరిశీలించింది. అందులో 13.8 శాతం, అంటే ప్రతి ఏడింటిలో ఒకటి, బూతో కించపరిచేదో అని 2020లో ప్రకటించింది. సుష్మా స్వరాజ్ అంతటి మంత్రే 2018 జూన్‌లో లక్నోలోని ఒక మతాంతర దంపతుల పాస్‌పోర్టు విషయంలో రోజుల తరబడి తిట్లు తిన్నారు. కాబట్టి “ఎవర్నీ ఎప్పుడూ బ్లాక్ చెయ్యకూడదు” అనే నినాదం మనది కాదు. ఆ నినాదంతో మొదట నష్టపోయేది రాజకీయాల్లోకి వచ్చిన స్త్రీలే, అందులోనూ దళిత, మైనారిటీ స్త్రీలు.

మరి గీత ఎక్కడ గియ్యాలి? నా మటుకు నేను ఇట్లా అనుకుంటున్నాను. మనిషి ఒంటి మీద, కులం మీద, మతం మీద, పుట్టుక మీద వేసే మాట విమర్శ కాదు, హింస. బెదిరింపు విమర్శ కాదు. నీళ్ళేవీ, లెక్కలేవీ, ఇచ్చిన మాటేదీ అనేది ఎంత కోపంగా అడిగినా ప్రశ్నే. అడిగిన తీరు నచ్చకపోవటం బ్లాక్ చెయ్యటానికి కారణం కాదు. నీళ్ళు లేని మనిషి మెత్తగా ఎందుకు మాట్లాడాలి? మధ్యలో కొన్ని చిక్కు విషయాలుంటాయి. కాలిఫోర్నియాలో ఒక స్కూలు బోర్డు సభ్యురాలి ఖాతాలో ఒక తండ్రి ఒకే మాటను పది నిమిషాల్లో 226 ట్వీట్ల కింద పెట్టాడు. అట్లాంటప్పుడు ఆ అదనపు మాటల్ని తీసెయ్యవచ్చు. మనిషిని మూసెయ్యనక్కర్లేదు. ఒకవేళ బూతులు రాసినవాణ్ణి బ్లాక్ చేసినా, పింఛను కబురు అతని ఇంటికి మాత్రం చేరాలి. శిక్ష వేరు, హక్కు వేరు.

ఇంకో మాట కటువుగానే చెప్పాలి. చాలా ఊళ్ళలో మహిళా సర్పంచి పేరుతో ఉన్న ఖాతా భర్త చేతిలోనో, కొడుకు చేతిలోనో ఉంటోంది. పోస్టు పెట్టేది అతను, తీసేది అతను, బ్లాక్ చేసేది అతను. తిట్లు మాత్రం ఆమెకు. సంతకం మనదే ఉండాలని ఎట్లా కొట్లాడామో, ఖాతా కూడా మన చేతిలోనే ఉండాలని అట్లా కొట్లాడాలి. ఒక సర్పంచమ్మ తన పేరుతో ఎవర్ని బ్లాక్ చేశారో తనకే తెలియదని చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు, దిగులేసింది.

ఇంకా లోతుకు వెళ్తే, అసలు ఎంతమంది ఆడవాళ్ళకు ఈ తలుపు దాకా రావటానికి దారి ఉంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఆ తర్వాత పెరిగే ఉంటారు. అయినా చాలా ఇళ్ళల్లో ఫోను ఒక్కటే, అదీ మగవాళ్ళ జేబులో. ఆ ఒక్క నంబరును గ్రూపులో నుంచి తీసేస్తే ఇల్లు మొత్తం బయటపడుతుంది. అందుకని బ్లాక్ తీయించుకోవటం ఒక్కటే మన కోరిక అయితే మోసపోతాం. అసలు ఊరి కబురు ఒకరి ఫోనులో నుంచి ఎందుకు రావాలి?

ఒకప్పుడు డప్పు చాటింపు ఉండేది. అందులోని అన్యాయం మనకు తెలుసు. డప్పు కొట్టిన మనిషి రచ్చబండ మీద కూర్చోవటానికి లేదు. ఆ వెట్టిని మళ్ళీ తెచ్చుకోవాలని అనను. కానీ ఆ చప్పుడులో ఒక గుణం ఉంది. “నువ్వు నిన్న నన్ను ప్రశ్నించావు కాబట్టి నీ ఇంటికి ఇది వినపడదు” అనటానికి వీల్లేదు. ఊరి కబురుకు ఆ గుణం మళ్ళీ కావాలి, జీతంతో, గౌరవంతో.

మాట వినిపించుకోవటానికి ఈ జిల్లా జనం ఎంత దూరం వెళ్ళారో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతుంటే, సాగునీరు రాకుంటే, ఎన్ని అర్జీలు పెట్టినా వినకుంటే, నామినేషన్ కాగితాన్నే అర్జీగా చేసుకున్నారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వెయ్యవలసి వచ్చింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ ఏడాదే లోక్‌సభకు పోటీ చేసేవాళ్ళు కట్టవలసిన డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. జనం ఒక తలుపు కనుక్కుంటే దాన్ని ఇరుకు చెయ్యటం పాత అలవాటే. ఇంకో తలుపు కనుక్కోవటం కూడా మన పాత అలవాటే.

కాబట్టి ఇక్కడి నుంచి వెళ్ళాక చెయ్యవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది, సాక్ష్యం. మీరు రాసింది, వాళ్ళు తీసింది, బ్లాక్ చేసింది స్క్రీన్‌షాట్ తీసి తారీకుతో దాచుకోండి. ఒక్కరిది ఫిర్యాదు, పదిమందిది పద్ధతి. ఊరూరా రాసి పెట్టుకుంటే ఎవర్ని బ్లాక్ చేస్తున్నారో, వాళ్ళలో ఆడవాళ్ళెందరో, ఏ వాడల వాళ్ళో తెలుస్తుంది.

రెండోది, కాగితం. ఫేస్‌బుక్‌లో అడిగిన ప్రశ్నను సోమవారం ప్రజావాణిలో అర్జీగా కూడా ఇవ్వండి. రశీదు లేకుండా కదలకండి. ఫోనులో మాట చెరిగిపోతుంది, రశీదు చెరగదు.

మూడోది, సమాచార హక్కు. 2005 చట్టం కింద గ్రామ పంచాయతీలో అడగటానికి రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పింఛను, ఇళ్ళు, శిబిరాల సమాచారాన్ని ప్రజలకు ఏ ఏ మార్గాల్లో తెలుపుతున్నారు? ఫలానా వాట్సాప్ గ్రూపు పంచాయతీదా, సొంతమా? సొంతమైతే అందులో సర్కారు కబుర్లు పెట్టమని ఎవరు చెప్పారు? ఈ మూడు ప్రశ్నలు రాసివ్వండి. జవాబు ఏది వచ్చినా మనకు పనికొస్తుంది. పంచాయతీదంటే తీసెయ్యటానికి వీల్లేదు. సొంతమంటే అది నోటీసు ఇచ్చినట్టు కాదు, గడువు దాటిందని పింఛను ఆపటానికి వీల్లేదు.

నాలుగోది, గ్రామసభ. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరపాలి. అక్కడ తీర్మానం పెట్టించండి: ప్రతి ప్రభుత్వ కబురూ పంచాయతీ గోడ మీద ఉండాలి, మైకులో చెప్పాలి, అన్ని వాడలకూ చేరాలి. పంచాయతీ పేరుతో ఒక ఖాతా ఉండాలి, పదవి మారితే అది తర్వాతి మనిషికి అప్పగించాలి. ఎవర్నయినా తీసేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఐదోది, మన మాట. ఏ నాయకురాలినైనా, ఆమె మన పార్టీ కాకపోయినా, ఒంటి మీద, నడత మీద తిడుతుంటే మనం నోరు మూసుకుని ఉండకూడదు. ఆమెకు తోడు నిలబడి, ఆ తర్వాత నీళ్ళ సంగతి ఆమెనే అడగాలి. ఆ రెండూ చెయ్యగలిగినవాళ్ళం మనమే.

ఆ చెల్లె గురించి చివరగా ఒక మాట. ఆమె ఇప్పటికీ ఆ పేజీలో లేదు. తీసుకోమని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. పోయిన గ్రామసభలో లేచి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, “పింఛను కబురు గోడకు రాయాలె. నాకు ఫోనుల చెప్పుడు వద్దు” అంది. వెనక నుంచి ఇంకో నలుగురు అవునన్నారు. మినిట్సు పుస్తకంలో రాయించాం. గోడకు సున్నం వేశారు. ఇంకా రాతలు పడలేదు. పడేదాకా ప్రతి సభకూ వెళ్ళాలని వాళ్ళ సంఘం నిర్ణయించుకుంది.

సెలవు.